అడగాల్సింది సహరావీలనే

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2025 అక్టోబర్ 31న పశ్చిమ సహారాపై 2797వ తీర్మానాన్ని ఆమోదించింది. పదకొండు దేశాలు అనుకూలంగా ఓటేశాయి. రష్యా, చైనా, పాకిస్తాన్ తటస్థంగా ఉండిపోయాయి. పొరుగు దేశమూ, అప్పటికి మండలి సభ్యదేశమూ అయిన అల్జీరియా ఓటింగ్‌లో పాల్గొననే లేదు. మొరాకో సార్వభౌమత్వం కింద స్వయంప్రతిపత్తి అనే ఆ దేశ రాజధాని రబాత్ ప్రతిపాదనే ప్రాతిపదికగా చర్చలు సాగాలని ఆ తీర్మానం చెప్పింది. మొరాకో నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చి పండగ చేసుకున్నారు. ఎత్తిన చేతులు, ఎత్తని చేతులు అన్నీ మండలి లెక్కలోకి వచ్చాయి. ఎవరి నేల గురించి ఆ లెక్క జరిగిందో ఆ సహరావీల చెయ్యి మాత్రం అందులో లేదు.

మా తీర్పు ముందే చెబుతున్నాం. పశ్చిమ సహారా ఎవరిదో తేల్చే అధికారం న్యూయార్క్‌కు లేదు, వాషింగ్టన్‌కు లేదు, పారిస్‌కు లేదు, రబాత్‌కు లేదు, అల్జీర్స్‌కూ లేదు. ఆ అధికారం ఆ నేల మనుషులది. ఓటు పెట్టి మిమ్మల్నే అడుగుతామని 1991లో ఐరాస వారికి మాట ఇచ్చింది. ముప్పై నాలుగేళ్లు కాలయాపన చేసి, ఇప్పుడు ఆ మాటను పక్కకు నెట్టడం దగా. సహరావీలు స్వాతంత్ర్యం కోరుకుంటారో, స్వయంప్రతిపత్తి చాలంటారో, మొరాకోలో కలిసిపోతామంటారో వారి బదులు చెప్పే హక్కు ఎవరికీ లేదు. మాకూ లేదు. తేల్చాల్సింది బ్యాలెట్ పెట్టె.

వాయవ్య ఆఫ్రికా తీరాన ఉన్న ఈ ప్రాంతం విస్తీర్ణం దాదాపు 2 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే రమారమి అంత. కానీ 1974లో స్పెయిన్ జనాభా లెక్కలు తీసినప్పుడు అక్కడ నమోదైన సహరావీలు 74 వేల మందే. ఒంటెల మందలతో వానను వెతుక్కుంటూ తిరిగే తెగలు, హస్సానియా అరబిక్ మాట్లాడే జనం. 1884లో స్పెయిన్ ఈ తీరంలో పాగా వేసింది. 1963లో ఐరాస దీన్ని స్వపరిపాలన లేని ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఈ రోజుకీ ఆ జాబితాలోంచి తీసెయ్యలేదు. వలస నుంచి ఇంకా విముక్తి కాని నేల అని దానికి అర్థం. ఒక దేశం నుంచి విడిపోతామనే వేర్పాటు తగాదాగా దీన్ని చూపే ప్రయత్నం ఇక్కడే చిత్తవుతుంది. వలస పాలకుడు వెళ్లిపోతూ ఇంటి తాళాలను ఇంటివాళ్లకు ఇవ్వకుండా పక్కింటివాళ్ల చేతిలో పెట్టిన ఉదంతమిది.

ఆ తాళాలు చేతులు మారిన తీరు గుర్తు చేసుకోవాలి. 1975లో ఐరాస ప్రతినిధి బృందం ఆ ప్రాంతమంతా తిరిగి, కలిసినవారిలో అత్యధికులు స్వాతంత్ర్యమే కోరుతున్నారని నివేదించింది. రెండేళ్ల ముందే స్వాతంత్ర్యం కోసం పుట్టిన సహరావీ ఉద్యమ సంస్థ పొలిసారియో ఫ్రంట్‌కు ఉన్న జనబలాన్ని గుర్తించింది. అదే ఏడాది అక్టోబర్ 16న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయం వెలువరించింది. మొరాకో సుల్తానుకూ కొన్ని తెగలకూ మధ్య విధేయతా బంధాలు ఉండేవని ఒప్పుకుంది. ఆ బంధాలేవీ ప్రాదేశిక సార్వభౌమత్వం కావనీ, ఆ ప్రజల స్వయంనిర్ణయ హక్కును అడ్డుకునేంతటివి కావనీ స్పష్టంగా చెప్పింది. అదే రోజు మొరాకో రాజు రెండో హసన్ ‘హరిత యాత్ర’ ప్రకటించాడు. నవంబర్ 6న మూడున్నర లక్షల మంది మొరాకన్లు ఖురాన్ ప్రతులు, జెండాలు పట్టుకుని సరిహద్దు దాటారు. అప్పటికి మాడ్రిడ్‌లో నియంత ఫ్రాంకో మరణశయ్య మీద ఉన్నాడు. నవంబర్ 14న స్పెయిన్ ఆ ప్రాంత పాలనను మొరాకో, మారిటానియాలకు అప్పగిస్తూ ఒప్పందం కుదుర్చుకుంది. అది జరిగిన ఆరు రోజులకు ఫ్రాంకో చనిపోయాడు. ఆ సంతకాల్లో సహరావీ సంతకం ఒక్కటి కూడా లేదు.

1976 ఫిబ్రవరి 27న పొలిసారియో సహరావీ అరబ్ ప్రజాస్వామ్య గణతంత్రాన్ని ప్రకటించింది. అప్పటికే యుద్ధం రాజుకుంది. విమానాల బాంబులకు బెదిరి వేలాది కుటుంబాలు తూర్పుకు, అల్జీరియాలోని తిందూఫ్ ఎడారికి పారిపోయాయి. ఆ శిబిరాలకు వారు తమ ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు: లాయూన్, స్మారా, దాఖ్లా, అవ్‌సర్ద్, బుజ్దూర్. పోగొట్టుకున్న ఊరి పేరును గుడారానికి పెట్టుకుని తరాలు గడుపుతున్నారు. 2018లో ఐరాస లెక్క ప్రకారం శిబిరాల జనాభా లక్షా 73 వేలు. వేసవిలో 50 డిగ్రీల ఎండ, బయటి నుంచి లారీల్లో వచ్చే నీళ్లు, రేషన్ పిండి. 2015 అక్టోబర్‌లో వానలు కురిస్తే మట్టి ఇటుకల ఇళ్లు వేల సంఖ్యలో కరిగిపోయాయి. అక్కడ పుట్టిన పిల్లలకు ఇప్పుడు మనవలున్నారు. వారిలో చాలామంది సముద్రాన్ని చూడలేదు. వారి సొంత నేలకేమో ప్రపంచంలోనే సమృద్ధిగా చేపలు దొరికే తీరాల్లో ఒకటి ఉంది.

ఇవతల శిబిరాలు, అవతల ఊళ్లు, మధ్యలో గోడ. 1980 నుంచి 1987 వరకు మొరాకో సైన్యం ఇసుకతో, రాళ్లతో కట్టుకుంటూ పోయిన ఆ గట్టు పొడవు సుమారు 2,700 కిలోమీటర్లు. దాని పొడవునా మందుపాతరలు. రబాత్ దాన్ని రక్షణ గోడ అంటుంది, సహరావీలు అవమాన గోడ అంటారు. గోడకు పడమటి వైపున్న దాదాపు ఎనభై శాతం నేల మొరాకో చేతిలో ఉంది. చేపల రేవులు, ఫాస్ఫేట్ గనులు అటే. మిగిలిన ఎండు ఎడారి పొలిసారియో చేతిలో. ఒక తల్లి పిల్లలు గోడకు చెరోవైపు చిక్కుకుని దశాబ్దాలుగా ఒకరి ముఖం ఒకరు చూడని కుటుంబాలున్నాయి. ఐరాస విమానాల్లో కొన్నేళ్లు వారిని కలిపే ఏర్పాటు నడిచి, అదీ ఆగిపోయింది.

1991 సెప్టెంబర్ 6న కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. పొలిసారియో తుపాకీ దించింది ఓటు హామీ చూసే. ఐరాస పంపిన మిషన్ పేరులోనే ‘రెఫరెండం’ ఉంది. 1992 జనవరిలో ఓటింగ్ జరగాల్సింది. ఎవరు ఓటరన్న దగ్గర బండి ఆగింది. 1974 జనాభా లెక్కలే ఆధారమని పొలిసారియో పట్టుబట్టింది. దక్షిణ మొరాకోలో స్థిరపడిన సహరావీ మూలాలున్నవారంటూ రబాత్ వేల దరఖాస్తులు తెచ్చింది. తెగ పెద్దలను కూర్చోబెట్టి, ఒక్కో దరఖాస్తుదారుని తాత పేరు, తెగ శాఖ అడిగి తేల్చుకుంటూ ఐరాస అధికారులు ఏళ్ల తరబడి పని చేశారు. 2000 తొలినాళ్లకు దాదాపు 86 వేల మంది అర్హులని తేలింది. తిరస్కరించిన వారి తరఫున లక్షా 30 వేలకు పైగా అప్పీళ్లు వచ్చి పడ్డాయి. ఆ కుప్పను చూసి మండలి చేతులెత్తేసింది.

అయినా దారి మూసుకుపోలేదు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ఐరాస దూతగా 2003లో ఒక ప్రణాళిక తెచ్చాడు. నాలుగైదేళ్లు స్వయంప్రతిపత్తి, తర్వాత రెఫరెండం. 1999 నుంచి అక్కడ నివసిస్తున్న మొరాకన్లకూ అందులో ఓటు ఉంది. అంటే మొరాకోకు అనుకూలమైన ఓటర్లే ఎక్కువగా ఉండే జాబితా. అంతటి నష్టభయం ఉన్నా పొలిసారియో ఒప్పుకుంది. మండలి ఏకగ్రీవంగా మద్దతిచ్చింది. మొరాకో కాదంది. కారణం ఒక్కటే, బ్యాలెట్ మీద ‘స్వాతంత్ర్యం’ అనే మాట ఉండటం. విసిగిపోయిన బేకర్ 2004లో రాజీనామా చేశాడు. సంఖ్యాబలం తన వైపు ఉన్న ఓటుకు కూడా జంకినవాడు ‘ప్రజలు మా వెంటే ఉన్నారు’ అంటే ఎవరు నమ్మాలి? ఈ మొత్తం వివాదంలో రబాత్ మీద మోపాల్సిన అతి బరువైన ఆరోపణ ఇదే, దీనికి అది ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

మొరాకో వాదనను వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు కనుక విందాం. లాయూన్, దాఖ్లాల్లో రోడ్లు, రేవులు, బడులు, ఆస్పత్రుల మీద అది భారీగా ఖర్చు చేసింది. నిజమే. అక్కడి ఎన్నికల్లో సహరావీ ప్రముఖులు పోటీ చేస్తున్నారు, గెలుస్తున్నారు. అదీ నిజమే. 2007 నాటి స్వయంప్రతిపత్తి ప్రతిపాదనలో స్థానిక శాసనసభ ఉంది, చివర్లో జనం ఓటుకు పెడతామన్న మాట కూడా ఉంది. ఆ ఓటులో అడిగేది స్వయంప్రతిపత్తికి ఔనా కాదా అని మాత్రమే. కాదంటే ఏమిటన్నదానికి చోటు లేదు. రోడ్డు వేసినంత మాత్రాన ఊరు సొంతమైపోతే, రైలు పట్టాలు వేసిన బ్రిటిష్‌వాడు మన దేశాన్ని వదిలి ఎందుకు వెళ్లాలి? యాభై ఏళ్లుగా చేతిలో ఉంది కనుక మాదేనంటే, కబ్జా పాతబడినంత మాత్రాన పట్టా అయిపోదని మన పల్లెల్లో ఏ రైతును అడిగినా చెబుతాడు. 2010లో లాయూన్ శివార్లలోని గ్దేమ్ ఇజిక్‌లో వేలాది సహరావీలు గుడారాలు వేసుకుని ఉద్యోగాలు, ఇళ్లు అడిగారు. బలగాలు శిబిరాన్ని కూల్చేశాయి, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. మొరాకో భద్రతా సిబ్బంది మరణాలు మామూలు విషయం కాదు. కానీ నిందితుల్లో పౌరులను సైనిక కోర్టులో నిలబెట్టి, యావజ్జీవాల దాకా శిక్షలు వేయడాన్ని న్యాయం అనలేం. నిజంగా అభివృద్ధి జనం మనసు గెలిస్తే, విదేశీ విలేఖరులను విమానాశ్రయం నుంచే తిప్పి పంపాల్సిన అవసరం ఎందుకొస్తోంది?

ఈ పీటముడి మూల్యం సహరావీలు ఒక్కరే చెల్లించడం లేదు, ఉత్తర ఆఫ్రికా అంతా చెల్లిస్తోంది. మొదట కూలింది మారిటానియా. యుద్ధ భారం మోయలేక 1978లో అక్కడ ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసింది, మరుసటి ఏడాది ఆ దేశం తన వాటా వదులుకుని బయటపడింది. ఆ భాగాన్నీ మొరాకో కలిపేసుకుంది. 1975 డిసెంబర్‌లో అల్జీరియా తన గడ్డ మీద ఏళ్లుగా బతుకుతున్న వేలాది మొరాకన్ కుటుంబాలను కట్టుబట్టలతో వెళ్లగొట్టింది. ఎడారి తగాదాతో ఏ సంబంధమూ లేని కూలీలు, గృహిణులు, పసిపిల్లలు వారు. ఆ ఘోరాన్ని అల్జీర్స్ ఇంతవరకు నోరారా ఒప్పుకోలేదు.

1989 ఫిబ్రవరిలో మరాకేష్‌లో అయిదు దేశాలు కలిసి అరబ్ మగ్రిబ్ యూనియన్ స్థాపించాయి. ఒకే భాష, ఒకే మతం, ఒకదానికొకటి సరిపోయే వనరులు: ఒకరికి గ్యాస్, ఒకరికి ఫాస్ఫేట్, ఒకరికి చేపలు. ఐరోపాకు దీటుగా నిలవదగిన కూటమి. 1994 తర్వాత దాని అధినేతల సదస్సు ఒక్కటీ జరగలేదు. అదే ఏడాది మూసిన మొరాకో, అల్జీరియా సరిహద్దు నేటికీ తెరుచుకోలేదు. సరిహద్దుకు ఇటూ అటూ వియ్యంకులున్న మొరాకో పట్టణం ఊజ్దా జనం ఎదుటి ఊరికి వెళ్లాలంటే ఇంకో దేశం చుట్టి రావాలి. 2021 ఆగస్టు 24న అల్జీరియా దౌత్య సంబంధాలు తెంచుకుంది, నెల తిరిగేలోగా గగనతలం మూసింది, అక్టోబర్ చివరికి మొరాకో మీదుగా స్పెయిన్‌కు వెళ్లే గ్యాస్ పైపులైన్‌ను ఆపేసింది. రెండు దేశాలూ బడి, ఆస్పత్రి సొమ్మును ఆయుధాలకు మళ్లిస్తున్నాయి. రెండు చోట్లా నిరుద్యోగ యువకులు పడవలెక్కి ఐరోపా వైపు సాగి సముద్రంలో మునిగిపోతున్నారు.

మంట దూరంగా ఉన్నవారినీ తాకింది. పొలిసారియో నాయకుడు బ్రాహిం ఘాలీకి 2021లో స్పెయిన్ ఆస్పత్రిలో వైద్యం చేయించినందుకు రబాత్ ఆగ్రహించింది. మే నెలలో, ఆఫ్రికా తీరంలో స్పెయిన్ పాలనలో ఉన్న స్యూటా నగరం దగ్గర సరిహద్దు కాపలా సడలింది, రెండు రోజుల్లో దాదాపు 8 వేల మంది లోపలికి వచ్చారు. పిల్లలు కూడా ఈదుకుంటూ ఒడ్డు చేరారు. మనుషులను ఒత్తిడి సాధనంగా వాడిన ఆ తీరు సిగ్గుచేటు. పది నెలలు తిరిగేసరికి మాడ్రిడ్ దిగివచ్చి మొరాకో ప్రణాళికను సమర్థించింది. అందుకు కోపించిన అల్జీరియా 2022 జూన్‌లో స్పెయిన్‌తో ఇరవై ఏళ్ల మైత్రీ ఒప్పందాన్ని సస్పెండ్ చేసింది. ఆ ఆగస్టులో ఘాలీని ట్యునీసియా అధ్యక్షుడు స్వాగతించడంతో మొరాకో అక్కడి రాయబారిని వెనక్కి పిలిచింది. 2024 జూలైలో ఫ్రాన్స్ మొరాకో వైపు మొగ్గితే అల్జీరియా తన రాయబారిని పారిస్ నుంచి రప్పించుకుంది. ఒక ఓటు పెట్టనందుకు ఎన్ని తలుపులు మూసుకున్నాయో లెక్క చూడండి.

ఆఫ్రికా ఖండం కూడా చీలింది. సహరావీ గణతంత్రాన్ని ఆఫ్రికా ఐక్యతా సంస్థ చేర్చుకున్నందుకు 1984లో మొరాకో అలిగి వెళ్లిపోయింది, 33 ఏళ్లు బయటే ఉండి 2017లో ఆఫ్రికన్ యూనియన్‌లోకి తిరిగి వచ్చింది. ఇప్పుడు ఒకే సభలో రెండు జెండాలూ ఉన్నాయి. వలసల కాలపు గీతలను మార్చకూడదన్నది ఆ ఖండం తనకు తాను పెట్టుకున్న నియమం. ఆ నియమం ప్రకారం చూసినా పశ్చిమ సహారా హద్దు స్పెయిన్ గీసిన హద్దే. దాన్ని చెరిపినది సహరావీలు కాదు.

ఇక పొలిసారియో, అల్జీరియాల మాట. బాధితుల పక్షాన నిలిచినంత మాత్రాన తప్పులు మాసిపోవు. పొలిసారియో శిబిరాల్లో యాభై ఏళ్లుగా ఒకే పార్టీ మాట చెల్లుతోంది. గతంలో దాని జైళ్లలో తమవారినే హింసించిన సంగతి దాచలేనిది. యుద్ధం ఆగాక పద్నాలుగేళ్లు, 2005 ఆగస్టు దాకా, మొరాకో సైనికులను బందీలుగా ఉంచుకోవడం అమానుషం. ప్రజల స్వయంనిర్ణయం కోరే సంస్థ ముందుగా తన శిబిరంలో భిన్నస్వరాన్ని భరించాలి. శరణార్థుల తలలు లెక్కించి నమోదు చేయాలని మండలి పదేపదే కోరుతున్నా అల్జీరియా ఆ పని సాగనివ్వడం లేదు. నిజాయితీ ఉన్న సంరక్షకుడు లెక్కకు భయపడడు. సహరావీల హక్కు అల్జీర్స్‌కు పవిత్ర సూత్రమైతే, అది మొరాకోను నలిపే పనిముట్టు కాదని చేతల్లో చూపాలి.

పెద్ద రాజ్యాల పాత్ర ‘పిట్టపోరు పిల్లి తీర్చినట్టు’ ఉంది. 2020 డిసెంబర్ 10న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ పశ్చిమ సహారాపై మొరాకో సార్వభౌమత్వాన్ని గుర్తించాడు. బదులుగా రబాత్ ఇజ్రాయెల్‌తో సంబంధాలను పునరుద్ధరించుకుంది. ఒక జాతి భవితవ్యం మరో బేరంలో కొసరుగా పోయింది. తర్వాతి అమెరికా ప్రభుత్వమూ దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఉక్రెయిన్‌లో బలంతో హద్దులు మార్చరాదని ప్రపంచానికి పాఠం చెప్పే రాజధానులే సహారాలో బలంతో మారిన హద్దుకు రాజముద్ర వేస్తున్నాయి. ఈ చీకట్లో ఒక్క గొంతు నిటారుగా నిలిచింది. 2024 అక్టోబర్ 4న లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం మొరాకోతో చేపల, వ్యవసాయ ఒప్పందాలను పశ్చిమ సహారాకు వర్తింపజేయడం చెల్లదంది, అక్కడి ప్రజల సమ్మతి లేదు కనుక. ఆ నేలలో పండిన కర్బూజా, టమాటా పెట్టెల మీద పశ్చిమ సహారా అనే రాయాలంది. హేగ్ 1975లో అన్నదాన్నే లక్సెంబర్గ్ మళ్లీ అంది. న్యాయమూర్తులు రెండుసార్లు ఒకే మాట చెప్పినా పాలకులు చెవిన పెట్టకపోవడం న్యాయాన్నే అవమానించడం.

‘అంత చిన్న జనం దేశంగా బతకగలరా?’ అని సందేహించేవారు తూర్పు తైమూర్‌ను చూడాలి. పోర్చుగల్ వదిలేసిన ఆ నేలను 1975 డిసెంబర్‌లో ఇండోనేసియా ఆక్రమించింది. కథ మొదలు అచ్చంగా ఒకటే. ప్రపంచం దాన్నీ ముగిసిన అధ్యాయమనే అంది. 1999 ఆగస్టు 30న ఓటు పెడితే 78 శాతానికి పైగా స్వాతంత్ర్యానికే మొగ్గారు, 2002లో కొత్త దేశం పుట్టింది. ఓటు తర్వాత అక్కడ నెత్తురు పారిందన్నది నిజం. అందుకు బాధ్యులు ఓటు ఫలితాన్ని సహించలేనివారు, ఓటు వేసినవారు కాదు.

మనకేం సంబంధం అనుకోవద్దు. బస్తా 1,350 రూపాయల డీఏపీ కోసం సొసైటీ దగ్గర చెప్పులు వరుసలో పెట్టి కూర్చునే మన రైతు తెలియకుండానే ఈ కథలో ఉన్నాడు. దేశానికి కావలసిన రాతి ఫాస్ఫేట్‌లో అత్యధిక భాగం దిగుమతే, మొరాకో మన ప్రధాన సరఫరాదారుల్లో ఒకటి. పశ్చిమ సహారాలోని బూ క్రా గని నుంచి వంద కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద రేవుకు చేరే ఖనిజం మన తీరాల్లో దిగిన సందర్భాలున్నాయి. సొమ్మొకడిది, సోకొకడిది. మొరాకో నుంచి ఎరువు కొనొద్దని మేం అనం. దాని గనుల్లో సింహభాగం ఖూరిబ్గా వంటి దాని సొంత గడ్డ మీదే ఉంది, బూ క్రా వాటా చిన్నది. ఆ చిన్న వాటాను వదులుకుంటే మన పంటకు నష్టం రాదు, మన నైతికతకు మేలు జరుగుతుంది.

భారత్ 1985లో సహరావీ గణతంత్రాన్ని గుర్తించి, 2000లో ఆ గుర్తింపును ఉపసంహరించుకుంది. అప్పటి నుంచి మౌనమే విధానం. స్వయంనిర్ణయం అన్న మాట ఎత్తితే కశ్మీర్ ప్రస్తావన వస్తుందన్న జంకు ఢిల్లీకి ఉంది. ఆ జంకు అనవసరం. వలస జాబితాలో ఉన్న నేల వేరు, ఒక గణతంత్రంలో భాగంగా ఎన్నికలు జరుగుతున్న ప్రాంతం వేరు. ఫ్రెంచి చందర్‌నగర్ మనలో కలిసింది 1949లో జనం ఓటేశాకే. అడిగి కలుపుకోవడం మన గౌరవానికి వన్నె తెచ్చింది. అదే మర్యాద సహరావీలకు దక్కాలని ఢిల్లీ అనలేకపోతే, ఆఫ్రికా విముక్తికి అండగా నిలిచామని చెప్పుకునే హక్కు సన్నగిల్లుతుంది.

చేయాల్సినవి స్పష్టం. ఏ ఒప్పందమైనా స్వాతంత్ర్యం సహా అన్ని దారులూ ఉన్న బ్యాలెట్ ముందుకు రావాలి. ఐరాస మిషన్‌కు మానవ హక్కుల పర్యవేక్షణ అధికారం ఇవ్వాలి, ఇంతకాలం ఇవ్వకపోవడమే ఒక నేరం. మొరాకో గ్దేమ్ ఇజిక్ ఖైదీలను విడుదల చేసి, విలేఖరులకు తలుపు తీయాలి. అల్జీరియా శరణార్థుల నమోదుకు ఒప్పుకోవాలి, పొలిసారియో 2020 నవంబర్‌లో మళ్లీ ఎత్తిన తుపాకీని దించాలి. 2026 అక్టోబర్ 31 వరకు పొడిగించిన మిషన్ గడువును మండలి మరో వాయిదాగా వాడుకోరాదు.

జాబితా తయారు చేయడం కష్టమంటూ ఒక తరాన్ని దాటవేశారు. తెగ పెద్దలు కూర్చుని, తాతల పేర్లు చెప్పించి, ఒక్కొక్కరినీ గుర్తుపట్టి తేల్చిన 86 వేల పేర్లు ఐరాస దగ్గరే ఉన్నాయి. అందులో ఎందరో గుడారాల్లోనే కన్నుమూశారు. వారి పిల్లలున్నారు, పిల్లల పిల్లలున్నారు. ఆ కాగితాల దుమ్ము దులిపి, వారి పేర్లూ చేర్చి, పెట్టె ముందు నిలబెట్టండి. అంతకన్నా తక్కువ ఏది చేసినా దాన్ని పరిష్కారమని పిలవడానికి ఈ పత్రిక ఒప్పుకోదు.